నలుగురం కలిసి దిగని స్టేషన్

వేసవి సెలవుల్లో మీ ఇంటికి రావలసిన బంధువు రాలేదు. ఎందుకు రాలేదో ఆ మనిషిని అడిగి తెలుసుకుంటారా, లేక ఆ మనిషి లేని చోట కూర్చుని మీరే తేల్చేస్తారా?

తొందరపడి జవాబు చెప్పవద్దని మనవి. కాలేజీ చర్చా పోటీల్లో ఈ ప్రశ్న వచ్చి ఉంటే నేను కూడా తొందరపడేదాన్ని. "అడిగి తెలుసుకుంటాం" అని నిలబడి చెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చునేదాన్ని. మా ఇంట్లో జరిగింది చూశాక ఆ ధైర్యం పోయింది. మేము అడగలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. రెండు వైపులా తేల్చేసుకున్నాం.

మాది ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, అందులో కోహ్కా అనే పేట. మా తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో పనిచేసి, పదవీ విరమణ చేశాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఇక్కడ చిన్న ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. దాన్ని పూర్తిచేసింది మా నాన్న. నాన్నకు ప్లాంటులో ఉద్యోగం రాలేదు. ప్లాంటుకు కావలసిన ఇనుప విడిభాగాలు తయారుచేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఆయన సూపర్‌వైజరు. అమ్మ ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరు. నేను, నా తమ్ముడు. ఇంతే మా కుటుంబం. అమ్మకు ఒక్కతే అక్క, మా పెద్దమ్మ. ఆమె ఇల్లు బొబ్బిలిలో. పక్కనే ఉన్న దుర్గ్‌లో రైలెక్కితే ఒడిశా కొండలు, సొరంగాలు దాటుకుని మరునాడు బొబ్బిలిలో దిగుతాం. దారి అంత సులువు. ఆ సులువైన దారిలో మేము నలుగురం కలిసి ఒక్కసారి కూడా ప్రయాణం చేయలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వేసవిలో అమ్మ బొబ్బిలి వెళ్లేటప్పుడు పిల్లల్లో ఒకరినే తీసుకువెళ్లేది. ఒక ఏడు నేను, మరుసటి ఏడు తమ్ముడు. మిగిలిన పిల్ల లేదా పిల్లాడు నాన్నతో కోహ్కాలో ఉండాలి. దీనికి నాన్న పెట్టిన పేరు 'రిలీవర్ డ్యూటీ'. ప్లాంటులో షిఫ్టు అయిపోయినా, తన స్థానంలోకి వచ్చే మనిషి కనబడేదాకా ఎవరూ యంత్రం దగ్గర నుంచి కదలకూడదు. ఆ వచ్చే మనిషి రిలీవర్. తాతయ్య ఆ నియమాన్ని ఇంటికి తెచ్చారు. నాన్న దాన్ని ప్రయాణాలకు వర్తింపజేశారు.

"ఇంటికి ఒకరుండాలమ్మా. కూలర్లో నీళ్లెవరు పోస్తారు, మొక్కలకెవరు పోస్తారు? ఎండల్లో తాళం వేసిన ఇల్లు కనిపిస్తే దొంగలకి పండగే" అనేవారు.

"మొక్కలంటే ఆ ఒక్క బొప్పాయి చెట్టేనా నాన్నా?" అని తమ్ముడు అడిగేవాడు. వాడికి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు, వెటకారం మాత్రం రెండింటిలోనూ వస్తుంది. "దీదీ, నువ్వు బొబ్బిలి వెళ్లు. నేను, బొప్పాయి భయ్యా కలిసి ఇల్లు చూసుకుంటాం."

మేము నవ్వేవాళ్లం. నాన్న కూడా నవ్వేవారు. పక్కింటివాళ్లకు తాళం చెవి ఇస్తే సరిపోతుంది కదా అని మాలో ఎవరమూ అడగలేదు. అడగకూడదని ఎవరూ చెప్పలేదు. ఆ మాట అడిగితే దాని వెనక మరో మాట బయటికి వస్తుందని పిల్లలకు కూడా ఎలాగో తెలిసిపోతుంది.

ఆ మరో మాట ఖర్చు.

చర్చకు దిగే ముందు వాడబోయే పదానికి హద్దు గీయాలని మాకు నేర్పారు. గీస్తాను. ఖర్చు అంటే ఇక్కడ టికెట్టు మీద అచ్చయిన ధర ఒక్కటే కాదు. ఆ ధరకు టికెట్టు దొరికితే మా కథ లేదు. రిజర్వేషన్లు తెరిచిన ఉదయమే తేదీ ఖాయంగా చెప్పగలిగినవాళ్లు స్లీపరు బెర్తులు తీసుకుని స్థిమితంగా కూర్చుంటారు. మా నాన్న ఆ ఉదయాన తేదీ చెప్పలేరు. ప్లాంటులో ఏదో ఒక విభాగం మరమ్మతుకు ఆగితే వర్క్‌షాపులో పని ఒక్కసారిగా పెరుగుతుంది, అది ఎప్పుడు ఆగుతుందో ఈయనకు ఆఖరున తెలుస్తుంది. సెలవు ఉందో లేదో తేలేసరికి మామూలు బెర్తులు ఉండవు. ఉన్నవి సీజను ధరకు అమ్మే ప్రైవేటు బస్సులు, తొందరలో ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకునే టికెట్లు, లేదంటే ఏసీ బోగీలు. పైగా నాన్న పని మానిన రోజుకు జీతం లేదు. నలుగురం కలిసి గుమ్మంలో దిగితే చేతులూపుకుంటూ దిగలేం. ఇవన్నీ కలిపితేనే ఖర్చు.

మే నెల కాకపోతే మరో నెలలో వెళ్లవచ్చు కదా అని మీరు అనవచ్చు. బడి ఉన్న రోజుల్లో రైళ్లలో బెర్తులు ఖాళీగా ఉంటాయని మాకు తెలియక కాదు. ఆ రోజుల్లో అమ్మ నల్లబల్ల ముందు నిలబడి ఉండేది, మేము బల్లల మీద కూర్చుని ఉండేవాళ్లం. సెలవు ఎప్పుడో మనకు మనం నిర్ణయించుకోగలిగితే ప్రయాణం చవక. ఎవరో నిర్ణయించే సెలవు మీద బతికేవాళ్లకు అదే ప్రయాణం ఖరీదు. ఇది న్యాయమా అని నేను చాలా వేదికల మీద అడిగాను. ఇంట్లో అడగలేదు.

బొబ్బిలిలో ఇదంతా ఎవరికీ తెలియదు. అక్కడివాళ్ల దృష్టిలో భిలాయిలో ఉన్న తెలుగువాడంటే ప్లాంటు ఉద్యోగి. ప్లాంటు ఉద్యోగి అంటే క్వార్టరు, ఆసుపత్రి, ఊరు వెళ్లడానికి కంపెనీ ఇచ్చే ఖర్చులు. నాన్న ప్లాంటు గేటుకు ఇవతల పనిచేస్తారని అమ్మ చెప్పింది, వాళ్లు విన్నారు, కానీ పట్టించుకోలేదు. డబ్బుకు లోటు లేని అల్లుడు పెళ్లాం పిల్లలతో కలిసి ఎందుకు రాడు? వాళ్లకు తోచిన జవాబు ఒక్కటే.

ఆ జవాబు నేను మొదటిసారి విన్నప్పుడు బాగా చిన్నదాన్ని. పెద్దమ్మ అరుగు మీద కూర్చోబెట్టుకుని నా తలకు నూనె రాస్తోంది.

"ఏటే పిల్లా, మీ నాన్న మీయమ్మతో బాగా మాట్లాడతాడేటే?"

"మాట్లాడతారు."

"అరుస్తాడా?"

"అరుస్తారు."

నూనె రాసే చెయ్యి ఆగింది. "ఎవరి మీద?"

"టీవీ మీద. క్రికెట్ వస్తే."

పెద్దమ్మ నవ్వలేదు. నా జుట్టు రెండు పాయలు చేసి గట్టిగా లాగి జడ అల్లింది. "నువ్వు మీయమ్మ కూతురివేనే. లోపలి మాట ఒక్కటీ బయటికి రానీయవు" అంది.

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఒక ఏడు అమ్మకు బోర్డు పరీక్షల పేపర్లు దిద్దే పని పడింది. సెలవు మొదట్లో ఆమె కదలడానికి లేదు. అదృష్టవశాత్తు నాన్నకు ఆ వారమే సెలవు దొరికింది. దొరికిన సెలవు పోనివ్వడం ఎందుకని తమ్ముణ్ణి తీసుకుని ఆయన బొబ్బిలి వెళ్లారు. అక్కడ జరిగింది తమ్ముడు తిరిగివచ్చాక భోజనాల దగ్గర నటించి చూపించాడు. గుమ్మంలో దిగగానే పెద్దమ్మ అడిగిందట:

"మా చెల్లిని అక్కడొదిలీసి వచ్చీసారేటి మరిదిగారూ?"

"ఇంటికి ఒకరుండాలి కదండీ వదినగారూ."

"మీ ఇంట్లో బంగారం గనులున్నాయేటి, ఎప్పుడూ ఒకరు కాపలా ఉండడానికి?"

తమ్ముడు పెద్దమ్మ గొంతు అచ్చంగా దింపాడు. నాన్న పగలబడి నవ్వారు. "గనులు మా ఇంట్లో కాదు, పక్కనున్న నందిని ఊళ్లో ఉన్నాయని చెప్పాల్సింది. బంగారం కాదు, సున్నపురాయి" అన్నారు. నేనూ నవ్వాను. అమ్మ లేచి వెళ్లి మజ్జిగ తెచ్చింది. ఆమెకు ఆ మాటలోని ముల్లు ఎక్కడ గుచ్చుకుందో మాకు అప్పుడు తెలియదు.

ఇలా అమ్మ వస్తే నాన్న రారు, నాన్న వస్తే అమ్మ రాదు. బొబ్బిలిలో అనుమానం ఖాయమైంది. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు అమ్మ గురించి, మా చదువుల గురించి అడిగేది. నాన్న ఫోన్ ఎత్తితే మాత్రం "చెల్లి ఉందాండీ" అనేది, అంతే. నాన్న ఫోన్ అమ్మ చేతికి ఇచ్చి వెళ్లిపోయేవారు. ఒకసారి నాతో అన్నారు: "మీ పెద్దమ్మకి నేనంటే చిన్నచూపమ్మా. పర్మినెంటు ఉద్యోగం కాదని." ఆయన గొంతులో కోపం లేదు. అది నిజమేనని ఒప్పుకుంటున్నట్టుంది.

కాలేజీలో చేరాక, ఏ మాటనైనా నిలదీసే అలవాటు వచ్చాక, ఒక మధ్యాహ్నం వంటింట్లో అమ్మను అడిగాను.

"నాన్న నిన్ను బాధపెడతారని వాళ్లు అనుకుంటున్నారు. నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి కాదని చెప్పవా?"

"కాదని చెప్తే మరి ఎందుకు రాడని అడుగుతారు. ఏటి చెప్పమంటావు?"

"నిజం చెప్పు. నలుగురికీ టికెట్లు కొనలేకపోతున్నామని చెప్పు."

అమ్మ కూరగాయలు తరుగుతున్న కత్తిపీట పక్కకు జరిపింది. "చూడమ్మా, మీ నాన్నని కోపిష్టి అనుకున్నారనుకో, ఆయనకేటీ పోదు. మొగాళ్లలో కోపిష్టులు లేరా? చేతకానోడు అనుకున్నారంటే ఆయనకి అన్నం దిగదు. ఇన్నేళ్లు చూస్తున్నాను, నాకు తెల్దా?"

నా దగ్గర వాదన ఉంది. కానీ ఆమె దగ్గర ఇన్నేళ్ల కాపురం ఉంది. భర్త పేరు పోతున్నా పరవాలేదు, ఆయన గర్వం నిలిస్తే చాలని ఆమె లెక్క వేసుకుంది. ఆ లెక్క సరైనదో కాదో ఆయనను ఎవరూ అడగలేదు.

కిందటి వేసవిలో పెద్దమ్మ కొడుకు పెళ్లి కుదిరింది. ముహూర్తం ఆలస్యంగా ఖాయమైంది, అదీ మే నెల నడిమధ్యలో. ఈసారి నలుగురమూ వెళ్లాలని అమ్మ పట్టుబట్టింది. ఆమె నోట 'నలుగురమూ' అన్న మాట నేను వినడం అదే మొదలు. కారణం పైకి చెప్పలేదు గానీ మాకు తెలుసు. పెళ్లి పందిట్లో, అందరి ముందు, నాన్న ఆమె పక్కన నిలబడితే ఇన్నేళ్ల అనుమానం మాట లేకుండా తీరిపోతుంది. ఎవరికీ ఏమీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

నాన్న వర్క్‌షాపులో సెలవు అడిగారు, ఇస్తామన్నారు. రైలు టికెట్లు రెండేసి చొప్పున విడివిడిగా తీసుకున్నాం, అన్నీ వెయిటింగ్ లిస్టులో. అమ్మది, నాది ఖాయమయ్యాయి. నాన్నది, తమ్ముడిది ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అప్పుడు నేను, నాన్న, తమ్ముడు పవర్‌హౌస్ అనే బజారులో ఉన్న బస్సు ఏజెంటు దుకాణానికి వెళ్లాం.

ఏజెంటు మొహం చూస్తే మంచివాడే. రేటు చెప్పి, మేము అడగకముందే తనే సంజాయిషీ చెప్పాడు. "దీదీ, నేనేం చెయ్యను, మే నెల. స్కూళ్ల ఛుట్టీ ఉన్నన్ని రోజులు ఇంతే. జూన్‌లో రండి, సగానికి ఇస్తాను."

"పెళ్లి జూన్‌లో పెట్టుకోమని చెప్పమంటారా?" అన్నాడు తమ్ముడు.

"చెప్పి చూడు భయ్యా, నాకూ గిరాకీ" అని అతను నవ్వాడు.

నాన్న కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. బయటికి వచ్చాక అన్నారు:

"బస్సులో వీడికి వాంతులవుతాయి. అంత దూరం కష్టం."

"నాకా? నాకెప్పుడయ్యాయి నాన్నా?"

"అవుతాయి. కొండ దారి."

తమ్ముడు నోరు తెరిచాడు. నాన్న మొహం చూశాడు. ఆ ఒక్క క్షణంలో వాడు పెద్దవాడు కావడం నేను కళ్లారా చూశాను. "అవును నాన్నా," అన్నాడు, "అవుతాయిలే. మొన్న పిక్నిక్కి వెళ్లినప్పుడు కూడా తల తిరిగింది."

వాడు ఏ పిక్నిక్కీ వెళ్లలేదు.

"మీరిద్దరూ వెళ్లండి," నాన్న నాతో అన్నారు. "నేను, వీడు రిలీవర్లం."

బొబ్బిలి స్టేషన్లో ఎప్పటిలాగే ఇద్దరమే దిగాం. పెద్దమ్మ కళ్లు మా వెనక ఎవరైనా దిగుతారేమోనని బోగీ తలుపు వైపు చూశాయి. ఎవరూ దిగలేదు. ఆమె అమ్మ చేతిలోని సంచి అందుకుని, ఏమీ అడగకుండా ముందుకు నడిచింది. అడిగి ఉంటే బాగుండేది.

పెళ్లయ్యాక అక్షింతలు వేసే వరుసలో ఫొటోగ్రాఫరు జంటలను ఒక్కొక్కటిగా వేదిక మీదికి పిలుస్తున్నాడు. పెళ్లికొడుకు పిన్నీ బాబాయిలు రావాలన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని పైకెక్కింది.

"సార్‌ని కూడా పిలవండమ్మా, ఫ్రేము ఖాళీగా ఉంది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

పెద్దనాన్న కింద కుర్చీలోంచే జవాబు చెప్పారు. "ఆ సారు దేవుడిలాగ బాబూ. ఉన్నాడని అందరూ అంటారు, ఎవరికీ కనబడడు."

పందిరంతా నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు. నవ్వించడం ఆయనకు అలవాటు. అమ్మ కూడా నవ్వుతూనే అక్షింతలు వేసింది. ఆమె వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకోవడం నాకు ఒక్కదానికే తెలిసింది. నాన్న పక్కన ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ పక్కన సాయంత్రం దాకా నా చెయ్యి మాత్రమే ఉంది.

ఆ సాయంత్రం సామాన్ల గదిలో పెద్దమ్మ ఒక్కతే మిఠాయి డబ్బాలు సర్దుతుంటే నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని నాలో నేను రెండు పక్షాలా వాదించుకున్నాను. అమ్మ దాచుకున్న మాటను బయటపెట్టే హక్కు నాకుందా? నాన్న గురించి ఒక అబద్ధం నిలబడి ఉండగా ఊరుకునే హక్కు నాకుందా? రెండో ప్రశ్న గెలిచింది.

"పెద్దమ్మా, నాన్న ఎందుకు రాలేదో తెలుసా?"

"ఎందుకులే అమ్మా ఈ వేళ. మీయమ్మ తట్టుకుంటోంది కదా, ఊరుకో."

"తట్టుకోవడానికి ఏమీ లేదు. మాకు నలుగురికీ టికెట్లు కొనే స్తోమత లేదు. ఎప్పుడూ లేదు. నాన్నది ప్లాంటు ఉద్యోగం కాదు, మానేస్తే ఆ రోజు జీతం రాదు. బస్సు రేటు విని వెనక్కి వచ్చాం. ఇద్దరికే కుదిరింది, అందుకని ఇద్దరమే వచ్చాం. ఇన్నేళ్లూ అంతే."

పెద్దమ్మ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"అంతేనా?"

"అంతే."

"కొట్టడూ?"

"నాన్నా? బొప్పాయి చెట్టుకి ఎవరైనా మేకు కొడితేనే ఆయన బాధపడతారు."

ఆమె ఆ మాటకు నవ్వలేదు. నన్ను కాక గోడను చూస్తూ అంది: "మరి ఆ మాట చెప్పడానికేటే మీయమ్మకి? నాకు కూడా చెప్పకూడదేటి?"

"మీరు చెప్పారా అప్పా?"

గుమ్మంలో అమ్మ ఉంది. అక్కను ఆమె అప్పా అనే పిలుస్తుంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"నేనేటి చెప్పాలి?"

"మా గృహప్రవేశానికి మోకాళ్ల నొప్పులని రాలేదు. మీరే కాదు, మీ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. పుట్టింటి వైపు మనిషి ఒక్కరూ లేకుండా పాలు పొంగించాను. మా ఇల్లు చిన్నదని రాలేదనుకున్నాను."

పెద్దమ్మ డబ్బా కింద పెట్టింది. "నా మోకాళ్లకేటే అప్పుడు, రాయిలా ఉన్నాను. అదీ వేసవే కదా. ఇంటిల్లిపాదీ రావాలంటే టికెట్లు లేవు, కారు మాట్లాడితే వాడు చెప్పిన రేటుకి మీ బావ నోరు మూతపడిపోయింది. పైగా పుట్టింటి బట్టలు పెట్టాలి. ప్లాంటోళ్లింటికి చేతులూపుకుంటూ వెళ్తావేటి అన్నాడాయన. ఏటి చెయ్యను? మోకాళ్లన్నాను."

ఇద్దరూ కౌగిలించుకోలేదు, ఏడవలేదు. బయట ఎవరో మిఠాయిల కోసం పిలుస్తున్నారు. అమ్మ వంగి ఒక డబ్బా తీసి మూత సరిచేసింది. పెద్దమ్మ ఇంకో డబ్బా తీసింది. అలా సర్దుతూనే ఆమె, "బంగారం గనులున్నాయేటి అన్నాను మరిదిగారిని" అంది. ఆ మాట ఆమె మరచిపోలేదన్నమాట.

తిరుగు ప్రయాణంలో అమ్మ రాయగడ దాటాక ఒక్క మాట అంది. "ఆయనకి తెలిస్తే ఏటవుతాడో." ఆమె భయమంతా నాన్న గురించే.

నాన్నకు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసి, "చెల్లి ఉందాండీ" అని అడగకుండా ఆయనతోనే మాట్లాడింది. నాన్న లేచి నిలబడి మాట్లాడారు. "అయ్యో, పర్లేదు వదినగారూ... డ్యూటీ వల్లనే... అలాంటిదేం లేదండీ." ఫోన్ పెట్టేశాక ఆయన మా వైపు తిరిగారు.

"నేను మీ అమ్మని హింసపెడతాననుకున్నారా? ఇన్నేళ్లూ?"

ఆయన చూపు అమ్మ మీద ఆగింది.

"నీకు తెలుసా ఈ సంగతి?" అని అమ్మను అడిగారు.

అమ్మ తలూపింది.

"తెలిసి ఊరుకున్నావా?"

"డబ్బు సంగతి చెప్తే మీరు చిన్నబోతారని."

నాన్న కుర్చీలో కూర్చున్నారు. ఆయన గొంతు పెంచలేదు. మా ఇంట్లో టీవీకి తప్ప ఆ గొంతు పెద్దది కాదు. "డబ్బుల్లేవంటే ఏమవుతుంది? లేవు. ఊళ్లో సగం మందికి లేవు. ఆ మాట పడితే పడేవాణ్ణి. ఇది ఎలా పడమంటావు? అంతమందిలో మీ బావగారు వేళాకోళం చేస్తుంటే నువ్వు అలా నిలబడ్డావని విని... నన్నొక్కమాట అడగాల్సింది" అన్నారు.

తరువాత లేచి పెరట్లోకి వెళ్లారు. బొప్పాయి చెట్టుకు నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. ఆ రోజు పొద్దునే ఎవరో పోసేశారు.

అమ్మ వేసుకున్న లెక్క తప్పింది. ఆమె దేన్ని చిన్న గాయం అనుకుందో ఆయనకు అదే పెద్దది. ఏది ఆయన తట్టుకోలేరనుకుందో అది ఆయన ఎప్పుడో తట్టుకుని ఉన్నారు. ఒకరికొకరు ఇంత తెలిసిన ఇద్దరు మనుషులు ఒకే కప్పు కింద ఉండి ఇంతగా ఎలా పొరబడ్డారని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే. ఆ ప్రయాణాల ఖరీదు మా దగ్గర డబ్బును మాత్రమే అడగలేదు. దాన్ని దాచడానికి ఒక్కొక్కరికీ ఒక్కొక్క కారణం కావలసి వచ్చింది. నాన్నకు బొప్పాయి చెట్టు, తమ్ముడికి కొండదారి, పెద్దమ్మకు మోకాళ్లు, అమ్మకు మౌనం. రైల్వే వాళ్లూ బస్సు వాళ్లూ మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీశారని నేను కోపంగా అనగలను. కానీ అక్కడి నుంచి దూరం పెంచినది మేమే.

ఇప్పుడు పెద్దమ్మ ప్రతి వారం ఫోన్ చేస్తుంది. నాన్నతో మాట్లాడుతుంది. "మరిదిగారూ, మీరు రాకపోతే నేనే వస్తాను, మీ గనులు చూస్తాను" అంటుంది. రాలేదు. ఆమెకు ఇప్పుడు నిజంగానే మోకాళ్లు పట్టేశాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. రైలెక్కడం అయ్యే పని కాదని డాక్టరు చెప్పాడట. మా ఇల్లు ఆమె వీడియో కాల్‌లో చూసింది. నాన్న ఫోన్ పట్టుకుని గది గదీ తిప్పి చూపించారు, చివర బొప్పాయి చెట్టు కూడా. "దీనికేనా ఇన్నాళ్లూ కాపలా" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే పక్కకు తిరిగింది.

ఈ వేసవికి కూడా నాన్న సెలవు ఇంకా తేలలేదు. రిజర్వేషన్లు తెరిచిన ఉదయం మేము తేదీ చెప్పలేకపోయాం. స్లీపరు బెర్తులు అయిపోయాయి. నాకు చిన్న ఉద్యోగం దొరికింది, నా జీతంతో నలుగురికీ ఏసీ టికెట్లు తీస్తానన్నాను. "వద్దు, అది నీది" అన్నారు నాన్న. ఈసారి ఆయన దొంగల పేరు గానీ మొక్కల పేరు గానీ చెప్పలేదు. "ఖరీదెక్కువమ్మా, ఆగుదాం" అన్నారు. ప్రయాణం ఆగినందుకు ఆ కారణాన్నే నాన్న ఉన్నది ఉన్నట్టుగా చెప్పడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. అది వినడానికి ఇంత కాలం పట్టినందుకు నాకు బాధగా ఉంది.

చదువుతున్న మీకు నాది ఒక్క విన్నపం. ఈ సెలవుల్లో మీ గుమ్మానికి రాని మనిషి ఒకరుంటారు. సెలవులు ముగిసేలోగా ఆ మనిషికి ఫోన్ చేయండి. ఎందుకు రాలేదని నిలదీయవద్దు. "ఛార్జీలు మండిపోతున్నాయి కదా, మాకూ అలాగే ఉంది" అని ముందుగా మీరే అనండి. అటువైపు మనిషి ఏమంటాడో వినండి. ఆ మనిషి మోకాళ్లు నిజంగా నొప్పి పెట్టకముందే ఆ ఫోన్ చేయండి.